మహానటుడు డేవిడ్ గారిక్

నాటకమునకు పోయినవాడు ఏమి చూచి వచ్చుచున్నాడను ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, నిజమునకు అంత చిన్నది కాదు. తెల్లవార్లు పద్యనాటకము చూచి వచ్చినవారిని అడిగినచో, ఫలానావాని గొంతు బాగుండెననియు, ఫలానా పద్యమునకు మూడుమారులు వన్స్‌మోర్ కొట్టిరనియు చెప్పుదురు. పద్యము లేని వేళ ఆ పాత్రధారి రంగముపై ఎట్లు నిలిచియుండెనో, ఎదుటివాడు మాటాడుచుండగా ఆతని ముఖమేమి చెప్పుచుండెనో గమనించినవారు అరుదు. భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించి, మాటకు నాలిగింట నొక పాలు మాత్రమే ఇచ్చెను. మిగిలిన మూటిలో రెండు కేవలము దేహమునకు చెందినవి. అవయవములచే చేయునది ఒకటి. లోని భావము కన్నీరుగను, చెమటగను, వణుకుగను, మొగము తెల్లబోవుటగను పైకి వచ్చునది మరియొకటి. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమున పుట్టిన డేవిడ్ గారిక్ భరతముని పేరైనను విని యుండడు. అయినను ఆ రెండింటి బలముననే ఆయన ముప్పదియైదేండ్లు లండను రంగస్థలము నేలెను.

గారిక్ పూర్వులు ఫ్రెంచివారు. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టంటు మతస్థులకు అంతవరకు ఉన్న రక్షణను తొలగింపగా, ఆయన తాత బోర్డో పట్టణమునుండి పొట్ట చేతబట్టుకొని ఇంగ్లండు చేరెను. తండ్రి సైన్యములో చిన్న అధికారి. సిపాయిలను చేర్చుకొను పనిమీద తండ్రి హెర్‌ఫర్డ్ పట్టణమున బసచేసి యుండగా 1717వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన గారిక్ జన్మించెను. పెరిగినది తల్లిగారి ఊరైన లిచ్‌ఫీల్డ్. ఇంట సంతానమెక్కువ, రాబడి తక్కువ. పదునొకండేండ్ల ప్రాయముననే గారిక్ తోటిపిల్లలను పోగుచేసి నాటకమాడించెను. ఆ నాటకపు కథ సిపాయిలను చేర్చుకొను అధికారులను గూర్చినది. గారిక్ వేసినది సార్జెంటు వేషము. తండ్రి కొలువు కుమారునకు అట్లు పనికి వచ్చెను.

లిచ్‌ఫీల్డ్‌కు సమీపమున ఈడియల్ అనుచోట సామ్యూల్ జాన్సన్ అను యువకుడు పాఠశాల నొకదానిని తెరచెను. 1755లో ఆంగ్లభాషా నిఘంటువును ప్రకటించి లోకవిఖ్యాతుడైన జాన్సన్ ఈయనయే. ఆనాటికి మాత్రము బీదవాడు. భారీ విగ్రహము, గండమాల వ్యాధి మచ్చలు మిగిల్చిన ముఖము, కూర్చున్నచోట కుదురుగ నుండక అదరెడి తలయు చేతులును. ఆ పాఠశాలలో చేరిన బాలురను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారిలో గారిక్, ఆయన తమ్ముడు ఉండిరి. గురువు చెప్పిన లాటిను శిష్యునకు ఎంత వంటబట్టెనో గాని, గురువు మాత్రము సంపూర్ణముగా వంటబట్టెను. జాన్సన్ నడక, గొణుగుడు, తల ఊగించుట, భార్యను పిలుచు తీరు అన్నియు గారిక్ తరువాతి కాలమున మిత్రులయెదుట ప్రదర్శించి కడుపుబ్బ నవ్వించెడివాడు. గురువును వెక్కిరించుట తప్పే. అయినను మనిషిని చదువుట ఆయన మొదట నేర్చినది అచ్చటనే.

పాఠశాల సాగలేదు. 1737 మార్చిలో గురుశిష్యులిద్దరును కలసి లండనుకు బయలుదేరిరి. గురువు సంచిలో ముగియని విషాదనాటకమొకటి ఉండెను. శిష్యుడు న్యాయశాస్త్రము చదువవలెనని ఇంటివారి తలంపు. ఇద్దరికిని గుఱ్ఱమొక్కటియే యనియు, ఒకరు కొంతదూరము స్వారిచేసి దానిని చెట్టుకు కట్టి నడచిపోగా, వెనుక నడచి వచ్చువారు దాని నెక్కుచు పోయిరనియు చెప్పుకొందురు. వారు ఊరు విడచిన కొలది దినములకే గారిక్ తండ్రి మరణించెను. తండ్రి సోదరుడు వ్రాసియిచ్చిన వేయి పౌనులతో గారిక్ అన్నగారితో కలసి ద్రాక్షసారాయి వర్తకమునకు దిగెను. అన్నగారు లిచ్‌ఫీల్డులో, తమ్ముడు లండనులో. లండను కొట్టునకు కూతవేటు దూరమున నాటకశాలలుండెను. వర్తకమెట్లు సాగియుండునో పాఠకులు ఊహించుకొనగలరు.

ఆ కాలపు ఇంగ్లండులో నటుడనగా గౌరవము లేదు. అనుమతి లేని నటులను దేశదిమ్మరుల వరుసలో చేర్చిన చట్టములు అచ్చట ఉండెను. కనుకనే 1741 వేసవిలో ఇప్స్‌విచ్ పట్టణమున గారిక్ తొలుత వేషము కట్టినపుడు, లిడ్డల్ అను మారుపేరు పెట్టుకొని, ఆఫ్రికా దేశపు బానిస పాత్రకై ముఖమంతయు నల్లరంగు పులుముకొనెను. ముందుముందు ముఖముతోనే లోకమును జయింపనున్నవాడు మొట్టమొదట ముఖము దాచుకొని రంగమెక్కెను.

అదే యేడు అక్టోబరు 19వ తేదీన లండనులో గుడ్‌మన్స్ ఫీల్డ్స్ నాటకశాలలో షేక్స్పియరు మహాకవి వ్రాసిన మూడవ రిచర్డు నాటకము ఆడిరి. 1737 నాటి చట్టము ప్రకారము ఆ నగరమున రెండు శాలలకే నాటకములాడు హక్కుండెను. ఈ మూడవశాల వారు సంగీతకచేరికి టిక్కెట్లమ్మి, కచేరి నడుమ నాటకమును ఉచితముగ చూపుచున్నామని ప్రకటించెడివారు. చట్టమును చుట్టి పోవు త్రోవ ఏ దేశమున లేదు! నాటి ప్రకటనలో ప్రధానపాత్రధారి పేరు లేదు. ఎన్నడును రంగమెక్కని పెద్దమనిషి యొకడు రాజు వేషము ధరించునని మాత్రముండెను. ఆ రాత్రి గూనివాడు, క్రూరుడు, కపటియైన రిచర్డు రాజును చూచినవారు మరునాడు ఊరంతయు చాటిరి. కొలది వారములలో నగరపు పడమటి భాగమునుండి ప్రభువుల బండ్లు బారులు తీరి ఆ తూర్పుపేటకు వచ్చుట మొదలిడెను. వృద్ధుడును రోగియునైన పోప్ కవి కూడ వచ్చి చూచి మెచ్చుకొనెను. గారిక్ మాత్రము మరునాడే కూర్చుండి అన్నగారికి క్షమాపణ కోరుచు జాబు వ్రాసెను. వంశమునకు అప్రతిష్ఠ తెచ్చితినేమో యను భయము ఆయనను చాలకాలము వదలలేదు.

ఆయన చేసిన క్రొత్త యేమి? అంతకుముందున్న పద్ధతి తెలిసినగాని ఇది బోధపడదు. నాటి పెద్దనటుడు క్విన్. ఆయన రంగమధ్యమున స్తంభమువలె నిలిచి, పంక్తులను ఒకే దీర్ఘస్వరమున దొర్లించి, అప్పుడప్పుడు రంపము కోసినట్లు చేయి నొకదానిని మీదికి క్రిందికి ఆడించెడివాడు. తన వంతు మాటలు ముగిసినచో పాత్రనుండి సెలవు పుచ్చుకొని ఎదుటివాడు ముగించువరకు ఊరక నిలుచుట అందరికిని అలవాటు. 1746లో క్విన్, గారిక్ ఇద్దరును ఒకే నాటకమున ఎదురెదురుగ నటించిరి. రిచర్డ్ కంబర్లాండ్ అను బడిపిల్లవాడు, పెద్దవాడై తానును నాటకకర్తయైనవాడు, గ్యాలరీలో కూర్చుండి దానిని చూచెను. పచ్చని మఖ్మలు కోటు, బుజములమీదికి దిగిన పెద్ద విగ్గు, ఎత్తుమడమల బూట్లతో క్విన్ బరువుగా పద్యములు వల్లించుచుండగా, చిన్న విగ్రహము, చురుకైన కన్నులు, ప్రతి నరమునను ప్రాణముగల గారిక్ ఒక్క గెంతున రంగము మీదికి వచ్చెనట. రంగము మీది అడుగొక్కటి వేయుటలో నూరేండ్లు దాటినట్లు ఆ బాలునకు తోచెను. గారిక్ చెప్పునది సరియైనచో తామందరును ఇంతకాలము తప్పుదారిని నడచినట్లేయని క్విన్ మహాశయుడే వాపోయెనని ప్రసిద్ధి.

1744లో గారిక్ పేరు లేకుండ ఒక చిన్న పుస్తకమును అచ్చు వేయించెను. తాను మాక్బెత్ పాత్రను మొదటిసారి ధరించుటకు ముందుగా, విమర్శకుల నోరు మూయుటకై తన్ను తానే వెక్కిరించుకొన్న పుస్తకమది. వెక్కిరింతయే యైనను అందలి విషయము నటవిద్య కంతటికిని కీలకము. ఇద్దరి భయమును ప్రక్కప్రక్కన పెట్టి ఆయన విడదీసి చూపెను. ఒకడు ఏబెల్ డ్రగ్గర్. బెన్ జాన్సన్ ప్రహసనములోని పొగాకు వర్తకుడు, మందమతి. మూత్రపరీక్షకై వైద్యులుంచుకొను గాజుపాత్ర చేజారి పగిలినది. అదియే వాని ప్రమాదము. రెండవవాడు మాక్బెత్, నిద్రించుచున్న రాజును, తన యింటికి అతిథిగా వచ్చినవానిని, చేతులార పొడిచి వెలికి వచ్చినాడు.

డ్రగ్గరు భయపడినపుడు కన్నులు పగిలిన పాత్రవైపు పోకూడదు, ప్రక్కకు తప్పించుకొనవలెను. క్రింది పెదవి మాత్రము ఆ వైపునకే వ్రేలవలెను. తల కొంచెము వంగవలెను. కాలివ్రేళ్లు రెండును లోపలికి తిరిగి యొకదాని నొకటి చూచుచుండవలెను. ఊపిరి బిగబట్టినచో మోకాళ్లు వాటంతట నవియే వణకును. మాక్బెత్ భయము అట్టిది కాదు. ఆతడు కదలు శిలవలె ఉండవలెను. నాలుక మూగబోయి కన్నులు మాటాడవలెను. లేని చప్పుళ్లకు చెవి ఒగ్గవలెను. హంతకుడని ఆతని ప్రతి అవయవమును చెప్పవలెను.

భయమొక్కటియే స్థాయి. కాని అది పొగాకు వర్తకుని దేహమున ప్రవేశించినపుడు పెదవికిని కాలివ్రేళ్లకును పోవును. వీరుని దేహమున ప్రవేశించినపుడు చెవికిని కన్నునకును పోవును. భయమును చూపుట యొక నేర్పు. ఆ భయము ఎవనిదో చూపుట వేరొక నేర్పు. భరతముని నవ్వును ఆరు తెగలుగా చేసి, స్మితము హసితము ఉత్తములకు, విహసితము ఉపహసితము మధ్యములకు, అపహసితము అతిహసితము అధములకు పంచి యిచ్చుటలో ఆశయము కూడ ఇదియే. రాజు నవ్విన నవ్వు విదూషకుడు నవ్వరాదు. పాత్రల పేర్లు తెలియని చెవిటివాడు కూడ రంగమును చూచి వీడెవడో పోల్చుకొనవలెను.

ఇంకొకటి గమనింపదగినది. ఆ కాలపు రంగస్థలమున ఆహార్యము మిక్కిలి పేదది. వెనుకటి స్కాట్లండు రాజైన మాక్బెత్‌ను గారిక్ తన కాలపు సైన్యాధికారి దుస్తులతోనే ఆడెను. దీపములు క్రొవ్వొత్తులు. కిరీటమును, గడ్డమును చూచి పాత్రను పోల్చుకొను వసతి చూపరులకు చాలవరకు లేదు. కనుక భారమంతయు కనుబొమలపై పడెను. మాక్బెత్ నాటకములో రాజు విందువేళ తాను నియమించిన హంతకునితో వాని ముఖమున రక్తమున్నదని చెప్పవలసిన ఘట్టము కలదు. గారిక్ ఆ మాట చెప్పుచు చూచిన చూపునకు ఎదుటి నటుడు ఉలికిపడి, పాత్రను మరచి, నిజముగనే రక్తమున్నదేమోయని చేతితో తన ముఖము తడవుకొని చూచెనని కథ.

హామ్లెట్ పాత్రలో ఆయనను 1775లో చూచిన వాడొకడు శాస్త్రజ్ఞుడు, జర్మనీలోని గెట్టింగెన్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రాచార్యుడు లిఖ్టెన్‌బెర్గ్. నాటకశాలలో కూడ ఆయన ప్రయోగశాలలోవలెనే చూచి, మిత్రులకు జాబులు వ్రాసెను. అర్ధరాత్రి సమీపించినది, చలిగాలి. నల్లని దుస్తులలో హామ్లెట్ చేతులు కట్టుకొని, టోపీ కన్నులమీదికి లాగుకొని వచ్చును. తండ్రి ప్రేతము కనబడినదని స్నేహితుడు చూపగనే గారిక్ గిరుక్కున తిరిగి, తత్‌క్షణమే రెండు మూడడుగులు వెనుకకు తూలును, మోకాళ్లు సడలును, టోపీ నేలబడును. ఎడమచేయి ఇంచుమించు పూర్తిగా చాచుకొని తలయెత్తున నిలుచును, కుడిచేయి కొంత వంగి క్రిందుగ నుండును, వ్రేళ్లు విచ్చుకొనును, నోరు తెరచియుండును. నేలబడకుండ స్నేహితులు పట్టుకొందురు. ఇంకను ఒక్కమాటైనను పలుకలేదు. సభ యంతయు నిశ్శబ్దము. మాట పుట్టకముందే తనకు ఒడలు జలదరించినదని ఆ ఆచార్యుడు వ్రాసెను. అదే నాటకములో మృతుడైన తండ్రిని తలచుకొని దుఃఖించు చోట, కన్నీరు పొంగివచ్చి వాక్యములోని చివరి పదము వినబడకయే పోయెననియు, పెదవుల కదలికను బట్టి మాత్రమే దానిని తెలిసికొంటిననియు, పలికిన పిదప ఆ పెదవులు దుఃఖమును ఆపుటకై గట్టిగా బిగిసికొనెననియు కూడ ఆయన వ్రాసెను. పదము మ్రింగినను అర్థము పోలేదు. మన రంగముపై పద్యపాదములో నొక అక్షరము జారినచో సహింపరు!

ఇంత గంభీరనటుడు మరునాటి రాత్రి డ్రగ్గరు వేషము కట్టెడివాడు. నక్షత్రములలో నీ పేరు కనబడుచున్నదని దొంగజ్యోతిష్కులు ఆ వెర్రివానితో చెప్పుదురు. ఆనందముతో గంతులు వేయుట సామాన్యనటుని పని. పెద్దలయెదుట సంతోషమును వెలిబుచ్చుట మర్యాద కాదని డ్రగ్గరు ఎంచునని గారిక్ భావించెను. కనుక ఆయన ప్రక్కకు తిరిగి, ఆ సంతోషమును ఎవరికిని కనబడకుండ గుండెల కదుముకొని కొన్ని క్షణములు నిలిచెను. అట్లు బలవంతముగా అణచుటచే కన్నులచుట్టు ఎఱ్ఱని వలయములేర్పడెనని లిఖ్టెన్‌బెర్గ్ చూచి వ్రాసినాడు. తరువాతనే, తనలో తాను, అది తన పేరే యని చెప్పుకొనెను. పల్లెటూరి వాడొకడు కచేరీలో దొరవారి నోట తన పేరు విన్నపుడెట్లుండునో తెలిసినవారికి ఈ ఘట్టము వివరింప నక్కరలేదు. లిచ్‌ఫీల్డునుండి అన్నగారి సిఫారసుజాబుతో వచ్చిన కిరాణాకొట్టు వర్తకుడొకడు, గారిక్‌ను కలిసికొనుటకు ముందు ఆ రాత్రి నాటకము చూడబోయి, డ్రగ్గరును చూచి, ఇంత నీచపు మనిషితో తనకు పరిచయమేలయని జాబు నీయకయే ఊరికి తిరిగిపోయెనట. నటునకు ఇంతకుమించిన బిరుదము లేదు.

ఈ విద్య ఎచ్చటనుండి వచ్చెను? లియర్ రాజు పాత్రను గూర్చి ఆర్థర్ మర్ఫీ అను ఆయన మిత్రుడు చరిత్రలో వ్రాసిన సంగతి కలదు. గుడ్‌మన్స్ ఫీల్డ్స్ పేటలో లెమన్ వీథియందు గారిక్‌కు తెలిసిన సంసారి యొకడు ఉండెడివాడు. ఒకనాడు ఆతడు రెండేండ్ల కూతురును తెరచిన కిటికీ దగ్గర ఎత్తుకొని ఆడించుచుండగా, పిల్ల చేయి జారి క్రింద రాతిపరపుపై పడి మరణించెను. తండ్రికి ఆ క్షణముననే మతి చలించినది. తరువాత బ్రతికినన్నాళ్లును ఆతడు ఆ కిటికీయొద్దకే పోయి, లేని బిడ్డను ఎత్తుకొని ఆడించి, ముద్దాడి, చేజార్చి, ఇల్లదరునట్లు కేకలు వేసి ఏడ్చెడివాడు. పిమ్మట కూర్చుండి, ఒకేచోట చూపు నిలిపి, అప్పుడప్పుడు మెల్లగా నలువంకలు కలయజూచి, కనికరింపుమని అడుగువానివలె ఉండెడివాడు. గారిక్ తరచుగా పోయి ఆ మిత్రుని చూచెడివాడు. వెర్రిని అభినయించుట తాను అచ్చటనే నేర్చుకొంటినని చెప్పెడివాడు.

కూతుళ్లచే వంచితుడై మతి తప్పిన లియర్ రాజును ఆయన మొదట 1742లో, ఇరువదియైదేండ్ల వయసున, ధరించెను. ఆ వెర్రిలో పెనుకేకలు లేవు, ఎగిరిపడుటలు లేవు. కదలిక మందము. తల మెల్లగా తిరుగును. కన్నులు ఒకచోట నిలిచియుండును. మరియొకచోటికి మరలినపుడు, కొంత తడవు గడచినగాని ఎదుటనున్నది తెలిసినట్లుండదు. చెప్పబోవు మాట ముందే ముఖమున కనబడును. కృతఘ్నురాలైన పెద్దకూతురును శపించు వేళ మాత్రము, ఊతకఱ్ఱను విసరివైచి, ఒక మోకాలిపై కూలబడి, చేతులు జోడించి కన్నులు పైకెత్తును. ఊతలేని ముసలివాడు మోకరిల్లుట చూచి సభలో ఏడ్వనివారు లేరు. నాటి ఆనవాయితీ ననుసరించి, 1681లో టేట్ అను కవి మార్చిన సుఖాంతపు లియర్‌నే గారిక్ ఆడెను. షేక్స్పియరు పంక్తులు కొన్నింటిని తరువాత తిరిగి చేర్చెను. విషాదాంతమును రంగముపై ఒల్లని మన సంస్కృతనాటకకర్తలు వినినచో సంతోషించియుందురు.

పరుని పుత్రశోకమును వేషమునకు వాడుకొనుట తగునాయని ఎవరికైనను తోచును. 1763నుండి 1765వరకు గారిక్ యూరపుఖండమున సంచరించినపుడు, పారిసులో మిత్రుల యింట నాటకము లేదు, రంగము లేదు, ఆ తండ్రిని మాత్రము అభినయించి చూపెను. చూచినవారు ఏడ్చిరి. ఆ పారిసులోనే మరియొకనాడు రెండు తలుపురెక్కల సందున తల మాత్రము బయటపెట్టి, నాలుగైదు క్షణములలో ముఖమును వెర్రి సంతోషమునుండి మితమైన సంతోషమునకు, అచ్చటినుండి శాంతికి, ఆశ్చర్యమునకు, దుఃఖమునకు, భయమునకు, కడపట నిరాశకు దించి, తిరిగి ఆ మెట్లమీదుగనే పైకెక్కించెను. దిదరో అను తత్త్వవేత్త దానిని చూచి, అంత తక్కువ కాలములో అన్ని భావములను ఎవని మనస్సును అనుభవింపజాలదు గనుక, గొప్పనటుడు ఏమియు అనుభవింపడనియు, అనుభవించినట్లు కనబడుట మాత్రమే ఆతని కళయనియు సిద్ధాంతము చేసెను. 1830లో మాత్రమే అచ్చైన ఆ గ్రంథము నేటికిని నటులమధ్య తగవు పెట్టుచున్నది. లియర్ పాత్రలో సభ వెక్కివెక్కి యేడ్చుచుండగా గారిక్ తల ప్రక్కకు త్రిప్పి తోటినటునితో పరిహాసమాడెనను కథ యొకటి దిదరో పక్షమునకు బలము.

అయినను దిదరో చూచినది తలుపుసందునుండి వెలువడిన తలను మాత్రమే. అది సాధకము, గాయకుడు సరిగమలు పలికినట్టిది. నిజముగ దుఃఖము లేకున్నను కన్నీరెట్లు వచ్చునను ప్రశ్నకు భరతముని సత్త్వమను మాటతో బదులు చెప్పియున్నాడు. మనస్సు ఏకాగ్రమైనపుడు పుట్టునది సత్త్వము. అన్యమనస్కునకు అది అసాధ్యము. గారిక్ లెమన్ వీథిలో ఆ తండ్రిని చూచినపుడు నవ్వలేదు, తొలగిపోలేదు, మరలమరల పోయి కూర్చుండెను. తండ్రి పడిన బాధ తండ్రిదే. దానిని ఎదుట కూర్చుండి కన్నార్పక చూచిన మనస్సు గారిక్‌ది. ఆ చూపులో కొంత దయయు, కొంత దొంగతనమును కలసియుండెననుటయే న్యాయము.

పారిసులోని మరియొక ముచ్చట. ప్రేవీల్ అను ఫ్రెంచి హాస్యనటుడు గారిక్‌తో గుఱ్ఱములపై షికారు పోవుచు త్రాగుబోతును అభినయించి చూపెను. గారిక్ మెచ్చుకొని, తల బాగుగనే త్రాగినదిగాని కాళ్లు ఇంకను త్రాగలేదని లోపము చూపెను.

ఆయనకును లోపములు చెప్పినవారు లేకపోలేదు. అడుగడుగున ఉలికిపాటులు, వాక్యము నడుమ నిలుపుదలలు, ఎదుటివారిని తడుముట, లాగుట మితిమీరినవని మాక్లిన్ వంటి సహనటులు ఈసడించిరి. అందు కొంత నిజముండవచ్చును. పొగడ్తపై ఆయనకు ఆకలి ఎక్కువ. ఆయన మిత్రులే దానిని దాచలేదు. చిత్తరువు వ్రాయించుకొనుటకు కూర్చుండి, చిత్రకారుడు తల వంచినప్పుడెల్ల ముఖము మార్చి ఏడిపించెడివాడట. హోగార్త్ మాత్రము 1745లో, పీడకలనుండి ఉలికిపడి లేచిన రిచర్డు రాజుగా ఆయనను చిత్రించి, రెండువందల పౌనులు పుచ్చుకొనెను. వ్రేళ్లు విచ్చిన ఆ చేయి నేటికిని లివర్‌పూలు చిత్రశాలలో చూడవచ్చును.

1747నుండి ఆయన డ్రూరీ లేన్ నాటకశాలకు భాగస్వామియై ఇరువదితొమ్మిదేండ్లు నడపెను. పాత్రధారులు వచనము కంఠపాఠము చేయక వచ్చుటను ఒప్పలేదు. తమ మాట లేని వేళ కూడ పాత్రలోనే యుండవలెనని పట్టుబట్టెను. డబ్బిచ్చి రంగముమీదనే కూర్చుండు ప్రభువులను 1762 ప్రాంతమున క్రిందికి దింపెను. మాక్బెత్ ఏకాంతమున వణకుచుండగా ప్రక్కనే షోకిలా యొకడు నస్యము పీల్చుట అంతటితో నిలిచెను. 1749లో వియన్నానుండి వచ్చిన నర్తకి ఏవా మరియాను వివాహమాడెను. సంతానము లేదు. 1769లో షేక్స్పియరు జన్మస్థలమైన స్ట్రాట్‌ఫర్డ్‌లో మూడు దినముల జూబిలీ ఉత్సవము జరిపెను. కుంభవృష్టి కురిసి పందిళ్లు తడిసి, ఊరేగింపు ఆగిపోయి, చేతిసొమ్ము వదలెను. ఆ ఉత్సవమునే లండనులో నాటకముగ తొంబదిసారులు ఆడించి నష్టము పూడ్చుకొనెను. రజతోత్సవములు జరుపువారు వానకారును తప్పించుట మేలు.

మూత్రపిండముల వ్యాధి ముదిరి నిలుచుట కష్టమైన దినములలో, 1776లో, రంగము విడువ నిశ్చయించెను. చివరి వారములలో తన గొప్ప పాత్రల నొక్కొక్కటిగ ఆడి వీడుకొనెను. లియర్‌గా చివరిమారు నటించిన రాత్రి, తెరపడిన పిదప, చిన్నకూతురు కార్డీలియా వేషము వేసిన నటి చేయి పట్టుకొని లోనికి నడచుచు, ఆమెకు తాను తండ్రియగుట అదే కడసారియని చెప్పెననియు, ఆమె మోకరిల్లి ఆశీస్సు కోరగా తలపై చేయుంచి దీవించెననియు ప్రసిద్ధి. జూన్ 10వ తేదీన హాస్యనాటకములో యువకుని వేషముతో సెలవు తీసికొనెను. ఆ రాత్రి వసూలు వృద్ధనటుల సహాయనిధికి ఇచ్చివేసెను.

1779 జనవరి 20వ తేదీన లండనులో ఆయన మరణించెను. వెస్ట్‌మిన్‌స్టర్ మఠమున షేక్స్పియరు విగ్రహపు పాదములకడ ఖననము చేసిరి. ప్రభువులు పల్లకీవెంట నడచిరి. ఆ జనములో వృద్ధుడైన జాన్సన్ ఉండెను. శిష్యుని బ్రతికినన్నాళ్లును ఆయన ఎత్తిపొడిచెడివాడు. తానుదక్క వేరొకరు ఒక్కమాట అనిన ఒప్పెడివాడు కాడు. సమాధియొద్ద ఆయన నిలిచియుండగా ఆ పెద్దమొగము కన్నీట తడిసియుండుట పలువురు చూచిరి. భార్య ఏవా మరియా మరి నలుబదిమూడేండ్లు జీవించి, 1822లో తొంబదియెనిమిదవ యేట మరణించి, భర్తప్రక్కనే చేరెను.